డిగ్రీ మొదటి ఏడాది ఆంథ్రోపాలజీ: బంధుత్వాల చాప్టర్ దగ్గర ఆగిపోయాను, దారి చెప్పండి

గోదారిగట్టు | అక్టోబర్ 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. బీఏలో చేరి మూడు నెలలైంది, ఆంథ్రోపాలజీ తీసుకున్నాను. ఇంటర్ సీఈసీ. నిజం చెప్పాలంటే కాలేజీలో చేరేదాకా ఈ సబ్జెక్టు పేరే వినలేదు. మొదటి యూనిట్ బాగా నచ్చింది. మనిషి శరీరం, మనిషి భాష, పాత రాతి పనిముట్లు, ఇప్పటి ఆచారాలు, అన్నీ ఒకే శాస్త్రం కింద చదవొచ్చని తెలిసి ఆశ్చర్యపోయాను.

రెండో యూనిట్ బంధుత్వం. అక్కడే ఆగిపోయాను. బంధువుల్ని వరసలు పెట్టి పిలిచే పద్ధతులు ఆరట: హవాయియన్, ఎస్కిమో, ఇరోక్వాయ్, సూడానీస్, క్రో, ఒమాహా. ఒక్కోదానికి త్రిభుజాలు, సున్నాలు, గీతలు. రాత్రి బట్టీ పడితే పొద్దున్నకి ఒకదాని బొమ్మ ఇంకోదానిలో కలిసిపోతోంది. అసలు ఎక్కడో అమెరికాలో ఉన్న తెగ వాళ్లు మామయ్యని ఏమని పిలుస్తారో నాకెందుకు అనిపిస్తోంది, కానీ అలా అనుకుంటే చదవలేను కదా.

ఇంకో సంగతి. డిసెంబర్ చివర్లో పది రోజులు ఫీల్డ్‌వర్క్ ఉంది. ఒక ఊరికి తీసుకెళ్తారు, ఇళ్లకు వెళ్లి వివరాలు అడిగి రికార్డు రాయాలి. నాకు కొత్తవాళ్లతో మాట్లాడాలంటే బాగా టెన్షన్. సీనియర్లేమో పాత రికార్డు చూసి రాసేయ్ అంటున్నారు. నాకు అది ఇష్టం లేదు. ఎవరైనా చదివినవాళ్లు ఉంటే చెప్పండి.

అశోక్‌నగర్ రూమ్ | అక్టోబర్ 9, రాత్రి 11:15

చెల్లీ, నేను సివిల్స్‌కి ఇదే ఆప్షనల్ తీసుకుని చదువుతున్నాను, రెండు పేపర్లు, 500 మార్కులు. 2017 సివిల్స్‌లో మొదటి ర్యాంకు తెచ్చుకున్న అనుదీప్ దురిశెట్టి గారిది కూడా ఆంథ్రోపాలజీయే, అది చూసే నేనూ తీసుకున్నాను. నా పద్ధతి ఏంటంటే, ఆరు బొమ్మలు ఆరు కార్డుల మీద గీసి గోడకు అంటించాను. రోజూ రెండుసార్లు చూడకుండా గీస్తాను. కారణాలు వెతుకుతూ కూర్చుంటే సిలబస్ కదలదు. ముందు బొమ్మ చేతికి రానీ, అర్థం తర్వాత అదే వస్తుంది.

మన్యం మాస్టారు | అక్టోబర్ 10, ఉదయం 6:05

అమ్మా, పై బాబు చెప్పింది పరీక్షకు పనికొస్తుంది, కాదనను. కానీ నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ పాఠం చెప్పాను, బట్టీ పట్టినవాళ్లు ఫీల్డ్‌కి వెళ్లిన మొదటి రోజే చేతులెత్తేయడం చూశాను. నువ్వు ఇంకో దారిలో రా.

ఒక పెద్ద కాగితం తీసుకో. మధ్యలో ఒక సున్నా గీసుకో, అది నువ్వు. ఆ మధ్యలో ఉన్న మనిషిని పుస్తకంలో ఈగో అంటారు. మగవాళ్లకి త్రిభుజం, ఆడవాళ్లకి సున్నా. పెళ్లికి సమానం గుర్తు, పిల్లలకి కిందికి గీత, తోబుట్టువులకి పైన అడ్డగీత, పోయినవాళ్ల మీద ఏటవాలుగా ఒక గీత. అంతే వ్యాకరణం. ఇప్పుడు మీ ఇంటి వాళ్లందరినీ వెయ్యి, తాతల దాకా. ప్రతి బొమ్మ కింద నువ్వు వాళ్లని ఏమని పిలుస్తావో రాయి. పేరు కాదు, వరస.

అది అయ్యాక చూడు. నాన్న అన్నదమ్ములు పెదనాన్న, బాబాయ్. ఆ మాటల్లోనే నాన్న ఉన్నాడు. అమ్మ అక్కచెల్లెళ్లు పెద్దమ్మ, పిన్ని, అంటే వాళ్లూ అమ్మలే. వాళ్ల పిల్లలు నీకు అన్న, తమ్ముడు, అక్క, చెల్లి. కానీ అమ్మ అన్నదమ్ములు మేనమామలు, నాన్న అక్కచెల్లెళ్లు మేనత్తలు, వాళ్ల పిల్లలు బావ, బావమరిది, వదిన, మరదలు. అన్నదమ్ముల పిల్లలు తోబుట్టువులు, అన్నాచెల్లెళ్ల పిల్లలు పెళ్లి చేసుకోదగ్గవాళ్లు. ఇదంతా నీకు నాలుగేళ్ల వయసులోనే వచ్చు, ఎవరూ బట్టీ పట్టించలేదు.

న్యూయార్క్ రాష్ట్రంలో మోర్గాన్ అనే లాయరు ఉండేవాడు. ఇరోక్వాయ్‌లలో ఒకరైన సెనెకా తెగ వాళ్ల వరసలు రాసుకున్నాడు. వాళ్లకీ నాన్న తమ్ముడు నాన్నే, అమ్మ చెల్లెలు అమ్మే, మేనమామ మాత్రం వేరు. తర్వాత మన దేశంలో ఉన్న మిషనరీల ద్వారా దక్షిణాది వరసలు తెప్పించుకుని చూస్తే అదే పోలిక. 1871లో వచ్చిన ఆయన పెద్ద పుస్తకంలో తమిళం, తెలుగు, కన్నడ వరసలు వరుసగా ఉంటాయి. బంధుత్వాల అధ్యయనం అనే శాఖ మొదలైందే ఆ పుస్తకంతో. నువ్వు బయటి నుంచి చదవాల్సిన పాఠం కాదమ్మా ఇది, దీన్ని కట్టినవాటిలో మీ ఇంటి మాటలూ ఉన్నాయి.

ఇప్పుడు మిగతావి పోల్చుకో. ఇంగ్లీషులో మామయ్యా అంకులే, బాబాయీ అంకులే, అది పుస్తకంలో ఎస్కిమో పద్ధతి (ఆ పేరు ఇప్పుడు వాళ్లు ఇష్టపడరు, ఇన్యూట్ అనడం మర్యాద). హవాయియన్‌లో ఆ తరం మగవాళ్లంతా నాన్నలే. హిందీ వాళ్లకి చాచా, మామా, ఫూఫా, మౌసా అందరూ వేరు, కానీ వాళ్ల పిల్లలందరూ భాయీ బెహన్‌లే, అందుకే ఉత్తరాది స్నేహితురాలికి మేనరికం గురించి చెబితే నోరు తెరుస్తుంది. ముందు నీది గట్టిగా పట్టుకుంటే ప్రతి పద్ధతీ దాని నుంచి ఎక్కడ తప్పుకుందో చూడటమే పని.

పుస్తకంలోని పెద్ద మాటలకీ బెదరకు. అల్లుడు వచ్చి అత్తారింట్లో ఉండిపోతే ఇల్లరికం. రెండు ఇళ్లవాళ్లు పిల్లనిచ్చి పిల్లని తెచ్చుకుంటే కుండమార్పిడి. పెళ్లికొడుకు వైపు నుంచి పిల్ల పుట్టింటికి ఇచ్చేది ఓలి. భర్త పోయిన మనిషో విడిపోయిన మనిషో మళ్లీ చేసుకుంటే మారుమనువు. ఒకే ఇంటిపేరు వాళ్లు చేసుకోరు, అది బహిర్వివాహం. కులం దాటి ఇవ్వరు, అది అంతర్వివాహం. ప్రతి సిద్ధాంతానికీ మన ఊళ్లలో ఒక మాట సిద్ధంగా ఉంది.

గోదారిగట్టు | అక్టోబర్ 12, రాత్రి 9:20

మాస్టారూ, వేశాను. అమ్మమ్మ పక్కన కూర్చుని చెప్పింది. ఒక కాగితం చాలక మూడు అంటించాం. 64 మంది వచ్చారు. ఇందులో ముగ్గురి పేర్లు మా అమ్మకే తెలియవు.

ఒకచోట తేడా వచ్చింది. నాన్నకి మేనత్త కొడుకు ఒకాయన ఉన్నారు, నేను ఆయన్ని మామయ్య అంటాను. కానీ ఇరోక్వాయ్ బొమ్మ ప్రకారం లెక్క వేస్తే ఆయన నాన్న వరస అవ్వాలి, ఎందుకంటే నాన్న తరం, నాన్న వైపు, మగమనిషి. నేను తప్పు వేశానా?

మన్యం మాస్టారు | అక్టోబర్ 13, ఉదయం 5:50

తప్పు కాదమ్మా, చాలా పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేసే చోటు నీకు సొంతంగా దొరికింది. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

సెనెకా వాళ్లకి నాన్న వరసకు కజిన్ అయిన మగవాడు నాన్న కిందే లెక్క. మనం అలా చూడం. నాన్నకి ఆయన బావ అవుతాడా, అన్నదమ్ముడు అవుతాడా అని అడుగుతాం. నాన్నకి బావ అయితే మనకి మామయ్య. అమ్మ వైపు తిప్పి చూడు. అమ్మకి బావ వరస అయ్యే మనిషి మనకి పెదనాన్నో బాబాయో అవుతాడు, సెనెకా లెక్కలో అయితే మేనమామ అవుతాడు. అంటే మన దగ్గర వరస తరం నుంచి తరానికి నడుస్తుంది, దాని వెనక ఎవరిని ఎవరు చేసుకోవచ్చు అన్న నియమం ఉంది. మోర్గాన్‌కి ఈ తేడా అందలేదు. 1960లలో లౌన్స్‌బరీ అనే ఆయన స్పష్టంగా విడదీశాడు. అందుకే ఇప్పుడు ద్రావిడ బంధుత్వ పద్ధతి అని వేరుగా చెబుతారు. వైవాలో అడిగితే ఆ మామయ్యనే ఉదాహరణగా చెప్పు.

డ్యూటీ నర్సు | అక్టోబర్ 13, మధ్యాహ్నం 2:30

నేను ఈ సబ్జెక్టు చదవలేదు, కానీ ఈ బొమ్మ చూసి ఆగాను. మేము గర్భిణుల దగ్గర కుటుంబ చరిత్ర తీసుకునేటప్పుడు అచ్చం ఇలాంటిదే గీస్తాం, పెడిగ్రీ చార్టు అంటారు. మాకు మగవాళ్లకి చతురస్రం, దగ్గర చుట్టరికంలో పెళ్లి అయితే రెండు గీతలు. మేనరికం చేసుకున్నారా అని అడిగితే చాలామంది కాదు, మా సొంత మేనమామే అంటారు. వాళ్ల దృష్టిలో మేనరికం అంటే బావతో పెళ్లి మాత్రమే. అడిగేవాళ్ల మాట, చెప్పేవాళ్ల మాట ఒకటే అర్థం ఇస్తున్నాయో లేదో చూసుకోకపోతే కేసు షీటే తప్పవుతుంది. ఇది మీ ఫీల్డ్‌వర్క్‌కి కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

మన్యం మాస్టారు | అక్టోబర్ 13, రాత్రి 8:10

సిస్టర్ గారూ, మీరు చెప్పింది పాఠంలో పెట్టాల్సిన మాట. అమ్మా, ఇదే బొమ్మ శారీరక మానవ శాస్త్రంలోనూ మళ్లీ వస్తుంది. బావామరదళ్ల పిల్లలకి అంతఃప్రజనన గుణకం 1/16, మేనమామ మేనకోడళ్ల పిల్లలకి 1/8. ఆ సంఖ్య అర్థం ఏంటంటే, ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఉండే అవకాశం అంత. పుట్టిన ప్రతి బిడ్డకీ జబ్బు వస్తుందని కాదు. ఆ రెండు సంఖ్యలూ నీ చార్టు మీదే గీతలు లెక్కపెట్టి తెచ్చుకో, సూత్రం బట్టీ పట్టకు.

ఓహియోలో ఒకడు | అక్టోబర్ 14, ఉదయం 7:45

నేను ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతూ జనరల్ కోర్సు కింద ఇంట్రో టు కల్చరల్ ఆంథ్రోపాలజీ తీసుకున్నాను. మీ సిలబస్‌కి దీనికి ఒక తేడా ఉంది. ఇక్కడ కొలతలు, ఎముకలు వేరే కోర్సులో చెబుతారు, ఇందులో మొత్తం సంస్కృతి గురించే. ఈ శాస్త్రానికి దారి వేసిన బోయాస్, మాలినోవ్‌స్కీతో మొదలుపెట్టారు.

మొదటి అసైన్‌మెంట్ ఏంటంటే, ఏదైనా జనం వచ్చే చోట గంటసేపు కూర్చుని కనిపించింది మాత్రమే రాయాలి. నేను మన ఇండియన్ గ్రోసరీ షాపుకి శనివారం వెళ్లాను, మనవాళ్ల గురించే కదా, పది నిమిషాల్లో రాసేయొచ్చు అనుకున్నాను. "ఒక పెద్దాయన ఇంటి మీద బెంగతో గోంగూర కట్టలు చూస్తున్నారు" అని రాశాను. మా ప్రొఫెసర్ "బెంగతో" అన్న మాట చుట్టూ గీత గీసి, ఇది నీకు ఎలా తెలిసింది అని రాశారు. నిజంగా తెలియదు. ఆయన ధర చూస్తూ ఉండొచ్చు, ఆకులు వాడిపోయాయా అని చూస్తూ ఉండొచ్చు. మళ్లీ వెళ్లి రాశాను: కట్ట ఎత్తారు, తిప్పారు, వాసన చూశారు, పెట్టేశారు, ఇంకోటి ఎత్తారు. రెండోసారి వెళ్లినప్పుడు ఆయనే మాట కలిపారు. గుంటూరు జిల్లా. తెల్ల గోంగూరా, ఎర్ర గోంగూరా అని చూస్తున్నారట, ఎర్రదైతేనే పచ్చడికి పులుపు. నేను బెంగ అని రాసేసి ఉంటే ఆ మాటే అడిగేవాడిని కాదు.

మాలినోవ్‌స్కీ మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల మధ్యే గుడారం వేసుకుని రాశాడు. 1922లో పుస్తకం వచ్చింది. దీవుల మధ్య ఎర్ర గవ్వల దండలు ఒక దిక్కుగా, తెల్ల గవ్వ కడియాలు ఎదురు దిక్కుగా తిరుగుతూ ఉంటాయి, ఎవరూ ఎక్కువ రోజులు దాచుకోరు. దూరం నుంచి చూస్తే ఎందుకూ పనికిరాని గవ్వల కోసం ప్రాణాలకు తెగించి సముద్రం దాటుతున్నారు అనిపిస్తుంది, దగ్గర కూర్చుంటే ఆ గవ్వల మీద ఎన్ని స్నేహాలు, ఎంత పరువు నడుస్తున్నాయో తెలుస్తుంది. నాకు మన పెళ్లిళ్లలో చదివింపులు రాసే నోటు పుస్తకం గుర్తొచ్చింది. ఎవరు ఎంత రాశారో చూసుకుని వాళ్లింట్లో పెళ్లికి అంత తిరిగి రాస్తాం కదా.

ఇంద్రవెల్లి దారి | అక్టోబర్ 15, రాత్రి 10:05

ఇదంతా చదివాను, బాగుంది. ఒక మాట నేరుగా చెప్పాలి. నేను గోండును, డిగ్రీలో నేనూ ఇదే సబ్జెక్టు తీసుకున్నాను. క్లాసులో మా గురించి పాఠం వచ్చిన రోజు అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. పుస్తకంలో మాకు "ఆదిమ" అని పేరు. కేంద్ర ప్రభుత్వం కూడా 2006 దాకా కొన్ని తెగలని ఆదిమ తెగల సమూహాలు అనే రాసింది, తర్వాత ముఖ్యంగా హాని పొందే అవకాశం ఉన్న గిరిజన సమూహాలు అని మార్చారు. తెలంగాణలో చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి ఆ జాబితాలో ఉన్నారు. పాత నోట్సుల్లో పాత మాటే తిరుగుతోంది. రికార్డులో దయచేసి ఆ మాట రాయొద్దు.

మీరు ఇంటిపేరు గురించి మాట్లాడారు కదా. మాకు సగలు ఉంటాయి, నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలు. ఒకే సగ వాళ్లు ఎంత దూరం ఊళ్లో ఉన్నా అన్నదమ్ములే, పెళ్లి కుదరదు. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకి నాగోబా జాతర జరుగుతుంది, చేసేది మెస్రం వంశం వాళ్లు. గోదావరి నీళ్లు నడిచి వెళ్లి తెస్తారు. ఆ వంశానికి కొత్తగా వచ్చిన కోడళ్లని దేవుడి ముందుకు తెచ్చి పరిచయం చేస్తారు, భేటింగ్ అంటారు. ఆ అమ్మాయిలు తెల్ల బట్టలు కట్టుకుని తల వంచుకుని ఉంటే మొహం మీదికి ఫోన్లు పెట్టి ఫొటోలు తీస్తారు. అడిగితే ప్రాజెక్టు వర్క్ అంటారు.

హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా ఆంథ్రోపాలజిస్టు గురించి మీ పుస్తకంలో ఉంటుంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీంని చంపేశాక, ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోడానికి నిజాం ప్రభుత్వం ఆయన్ని మా వైపు పంపింది. అంటే సర్కారు పంపిన మనిషే. కానీ మార్లవాయిలో మా మధ్యే ఇల్లు వేసుకుని ఉన్నాడు, గోండి వాచకాలు, గోండు టీచర్ల శిక్షణ అక్కడే మొదలయ్యాయి, భూముల పట్టాల కోసం పని చేశాడు. ఆయన భార్య బెట్టీ 1987లో పోయారు, ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. మా పెద్దవాళ్లు ఈరోజుకీ వాళ్ల గురించి ప్రేమగానే చెబుతారు. ఆయన రాసినవన్నీ ఒప్పని కాదు. కానీ వచ్చాడు, ఉన్నాడు, మళ్లీ మళ్లీ తిరిగొచ్చాడు. ఇప్పుడు వచ్చేవాళ్లు బస్సు దిగి, ఫారాలు నింపి, బస్సెక్కుతారు. మా నాన్న ఎన్ని ఫారాలకు జవాబు చెప్పాడో లెక్కలేదు, వాళ్లు ఏం రాశారో ఒక్క కాగితం మా ఇంటికి రాలేదు.

మన్యం మాస్టారు | అక్టోబర్ 16, ఉదయం 6:30

బాబూ, నువ్వు చెప్పిన తప్పు నేనూ చేశాను. మొదటి పదేళ్లు మా పిల్లలని ఊళ్లకి తీసుకెళ్లి రికార్డులు రాయించి డిపార్ట్‌మెంట్ బీరువాలో పెట్టాం. ఏ ఊరికీ ఒక్క ప్రతి తిరిగి ఇవ్వలేదు. ఆ సంగతి తట్టడానికే నాకు పదేళ్లు పట్టింది.

ఈ శాస్త్రానికి ఇంతకంటే బరువైన గతం ఉంది, దాన్ని పిల్లలకి చెప్పాలి. 1901 జనాభా లెక్కల కమిషనర్ రిస్లీ ముక్కు కొలతలతో కులాలకి పై మెట్టు, కింది మెట్టు కట్టాలని చూశాడు. మద్రాసు మ్యూజియంలో థర్‌స్టన్ అదే కొలబద్ద పట్టుకుని దక్షిణాది కులాల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. ఇంకోవైపు 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు, మన ఎరుకల వాళ్లని పుట్టుకతోనే దొంగలని రాశారు, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఆ చట్టం దేశమంతటా పోవడానికి 1952 దాకా పట్టింది. చట్టం పోయినా ఆ ఊరి పేరు చెబితే ఇప్పటికీ జనం ఏమనుకుంటారో అందరికీ తెలుసు. మనుషుల గురించి రాసిన మాటకి అంత ఆయుష్షు ఉంటుంది.

గోదారిగట్టు అమ్మా, నీ సిలబస్‌లో నాసికా సూచిక వస్తుంది, ముక్కు వెడల్పుని పొడవుతో పోల్చే లెక్క. ఎలా కొలవాలో నేర్చుకో, దాన్ని ఎందుకు వాడారో కూడా పక్కనే రాయి.

రాతిగొడ్డలి | అక్టోబర్ 16, రాత్రి 9:00

పురాతన యూనిట్ ఎవరూ ముట్టుకోలేదు, రెండు ముక్కలు చెప్తాను. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కి మద్రాసు దగ్గర పల్లావరంలో చేతిగొడ్డలి దొరికింది, మన దేశ పాత రాతియుగం చదువు అక్కడ మొదలు. 1982లో నర్మద ఒడ్డున హత్నోరాలో ఆదిమానవుడి పుర్రె భాగం దొరికింది. వీటికంటే మీకు దగ్గరది బనగానపల్లె పక్కన జ్వాలాపురం. సుమారు 74,000 ఏళ్ల కింద ఇండోనేషియాలో టోబా అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద అక్కడిదాకా వచ్చి పడింది. ఆ పొర కిందా రాతి పనిముట్లు ఉన్నాయి, పైనా ఉన్నాయి. అంత ప్రళయం తర్వాత కూడా ఆ లోయలో మనుషులు ఉన్నారా, ఉంటే ఎవరు అన్న వాదన ఇంకా నడుస్తోంది. ఎప్పుడైనా అలాంటి చోటుకి తీసుకెళితే రాయి ఏరి జేబులో వేసుకోవద్దు. ఏ పొరలో ఉందో తెలియని రాయి ఏమీ చెప్పలేదు.

అశోక్‌నగర్ రూమ్ | అక్టోబర్ 19, రాత్రి 11:50

మాస్టారి పద్ధతి నేనూ ఒక చాప్టర్ మీద పెట్టి చూశాను. వాన్ గెనెప్ అని ఒకాయన 1909లో రాసిన సిద్ధాంతం, మనిషి ఒక దశ నుంచి ఇంకో దశకి వెళ్లే కర్మలన్నిటిలో మూడు మెట్లు ఉంటాయని: విడిపోవడం, మధ్యలో ఉండటం, మళ్లీ కలవడం. నెలకి ఒకసారి మర్చిపోయి మళ్లీ చదివేవాడిని. ఈసారి మా తాత పోయిన రోజులు గుర్తు తెచ్చుకుని రాశాను. మా నాన్న ఆ పది రోజులు చాప మీద పడుకున్నాడు, గడ్డం తీయలేదు, ఎవరింటికీ వెళ్లలేదు, మమ్మల్ని ముట్టుకోలేదు. మైల. అప్పుడు ఆయన కొడుకూ కాదు, ఇంటి పెద్దా కాదు, మధ్యలో ఉన్నాడు. పదో రోజు తర్వాత తల మీద నీళ్లు పోసి, కొత్త బట్టలు పెట్టి, అందరితో కలిసి భోజనానికి కూర్చోబెట్టాక ఇంటి పెద్ద అయ్యాడు. అది రాస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఇక మర్చిపోను. చెల్లీ, నేను మొదట చెప్పిన సలహా సగమే.

గోదారిగట్టు | డిసెంబర్ 18, రాత్రి 9:35

పరీక్ష అయింది, బంధుత్వం ప్రశ్నే వచ్చింది, మా మామయ్య గారి బొమ్మ గీశాను. ఎల్లుండి ఫీల్డ్‌వర్క్. ఇంకేమైనా చెప్పాలనుకుంటే చెప్పండి.

మన్యం మాస్టారు | డిసెంబర్ 19, ఉదయం 5:55

మూడే చెప్తాను. ఆదాయం, భూమి ముందు అడగొద్దు, వంశవృక్షంతో మొదలుపెట్టు. 1898లో రివర్స్ అనే ఆయన ఆస్ట్రేలియా, న్యూగినీ మధ్య ఉన్న టారెస్ జలసంధి దీవుల్లో ఈ పద్ధతి పట్టుకున్నాడు. తమవాళ్ల గురించి చెప్పమంటే ఎవరైనా చెబుతారు, దాని వెంట పెళ్లి, వలస, ఆస్తి అన్నీ బయటికొస్తాయి. రెండు, నోట్సు ఆ రాత్రే రాయి, ఎంత అలసిపోయినా సరే. మూడు, ప్రతి పేజీ ఫొటో తీసి ఇంకోచోట దాచు. మన దేశపు పేరున్న ఆంథ్రోపాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ గారు కర్ణాటకలో రాంపుర అనే ఊరి మీద రాసుకున్న నోట్సు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో నిప్పంటించడంతో కాలిపోయింది. ఆయన జ్ఞాపకం నుంచి పుస్తకం రాయగలిగారు, అది అందరికీ సాధ్యం కాదు.

గోదారిగట్టు | జనవరి 3, రాత్రి 10:15

వచ్చేశాను. ఊరి పేరు రాయడం లేదు.

మొదటి రోజు ఫారం పట్టుకుని పదకొండు ఇళ్లకి వెళ్లాను. పింఛను కోసమా అని అడిగారు. కాదంటే లోపలికి వెళ్లిపోయారు. రాత్రి బాగా ఏడ్చాను. రెండో రోజు ఫారం సంచిలో పెట్టేసి, ఒక అరుగు మీద నలుగురు ఆడవాళ్లు కందికాయలు ఒలుస్తుంటే వాళ్ల పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక నేనూ ఒలిచాను. అరగంటకి వాళ్లే అడిగారు, ఎవరమ్మాయివి, మీదే ఊరు, మీ ఇంటిపేరేంటి అని. నన్నే ముందు ఇంటర్వ్యూ చేశారు. నా ఇంటిపేరు విని ఒకావిడ, అయితే నువ్వు నాకు కోడలు వరస అంది. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా నన్ను అదే వరసతో పిలిచారు.

ఒకచోట చార్టు ఆగిపోయింది. మీ ఆయన పేరేంటి అంటే ఆవిడ నవ్వి తల తిప్పుకుంది. రెండోసారి అడగబోయి ఆగాను, మా అమ్మమ్మ కూడా మా తాత పేరు ఎప్పుడూ పలకలేదని అప్పుడు గుర్తొచ్చింది. పక్కింటి పిల్లాడు వచ్చి చెప్పాడు. నోట్సులో పేరుతో పాటు ఆ పిల్లాడు చెప్పాడన్న సంగతి కూడా రాసుకున్నాను.

నర్సు అక్క చెప్పింది కూడా అక్షరాలా జరిగింది. మేనరికాలు ఉన్నాయా అంటే లేవన్న ఇంట్లోనే అక్క కూతురిని చేసుకున్నవాళ్లు ఇద్దరున్నారు.

ఏడో రోజు ఒక మామ్మ. డెబ్బై పైనే ఉంటాయి. పిల్లలు ఎంతమంది అంటే అయిదుగురు అంది. గీశాను. ఆవిడ కాగితం మీద వేలు పెట్టి ఎవరెవరో అడిగి, ఈ ఇద్దరి మధ్యా ఖాళీ ఎందుకు ఉంచావు అంది. నేను ఉంచలేదు, గీత అలా పడింది. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, అక్కడ ఇంకో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారట, ఒకరు పురిట్లోనే, ఒకరు మూడేళ్లకి జ్వరంతో పోయారట. ఇంతవరకు ఎవరూ అడగలేదట. వాళ్లని కూడా వెయ్యమంటారా అని అడిగాను. వెయ్యమ్మా, పెద్దదానికి పేరు కూడా పెట్టాం అని చెప్పింది. సున్నాలు గీశాను. పోయినవాళ్ల మీద ఏటవాలు గీత గీయాలి కదా, ఆవిడ ముందు నా చెయ్యి రాలేదు. రాత్రి నోట్సులో గీశాను.

ఇప్పుడు నాకు ఒక అనుమానం. రికార్డులో అందరి పేర్లూ మార్చాలని మా మేడమ్ చెప్పారు. అది సరైనదే. కానీ మామ్మ వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, ఆ పిల్ల పేరు పుస్తకంలో రాస్తావు కదా అంది. ఏం చేయాలి?

ఇంద్రవెల్లి దారి | జనవరి 3, రాత్రి 11:00

రెండు చార్టులు గీయి. కాలేజీకి ఇచ్చేదానిలో పేర్లు మార్చు, అది వాళ్ల రక్షణ కోసం. ఇంకోటి అసలు పేర్లతో పెద్దగా తెలుగులో రాసి మామ్మకి ఇవ్వు. అది కాలేజీది కాదు, ఆవిడది. ఏటవాలు గీతలు గీయాలో వద్దో ఆవిడనే అడుగు.

మన్యం మాస్టారు | జనవరి 4, ఉదయం 6:10

బాబు చెప్పినట్టు చెయ్యమ్మా. వెళ్లేటప్పుడు ఒక్కదానివే వెళ్లకు, మీ అమ్మమ్మని తీసుకెళ్లు, కుదిరితే.

గోదారిగట్టు | జనవరి 9, సాయంత్రం 5:20

పెద్ద డ్రాయింగ్ షీటు కొని స్కెచ్ పెన్నులతో గీశాను. మామ్మ నుంచి మునిమనవల దాకా 41 మంది. ఏటవాలు గీతలు గీయలేదు. అమ్మమ్మ కూడా వస్తానంది, ఆదివారం పొద్దున్న బస్సుకి వెళ్తున్నాం.